కుండ లెక్క, కంచం లెక్క

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా సైన్సు సారు ఒక ఇంటిపని ఇచ్చాడు. నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకోవాలి. మొదటి గడిలో శక్తినిచ్చే ఆహారం, రెండో గడిలో శరీరాన్ని నిర్మించే ఆహారం, మూడో గడిలో రక్షణనిచ్చే ఆహారం. ఇంట్లో ఒక్కొక్కరూ ఆ రోజు ఏమేం తిన్నారో అడిగి ఆ గళ్లు నింపుకు రావాలి. నారాయణఖేడ్ దగ్గరి మా ఊళ్లో ఆ పని నాకేమీ కష్టం కాలేదు. తాత: జొన్నరొట్టె, కందిపప్పు, పుండికూర. బాపు: రొట్టె, పప్పు, తర్వాత సల్ల పోసుకుని ఇంత అన్నం. అన్న: అవే, ఒక కోడిగుడ్డు అదనం. నాయనమ్మ దగ్గరికొచ్చేసరికి చిక్కు పడింది.

“నువ్వేం తిన్నవ్ నాయనమ్మా?”

“ఏముంటదే, మిగిలింది తిన్న.”

“మిగిలింది అంటే ఏంది?”

“మిగిలింది అంటే మిగిలిందే బిడ్డా. జల్ది రాసుకో, దీపం పెట్టాలె.”

అమ్మనడిగితే ఆమె నవ్వి ఊరుకుంది. అత్త తిన్న తర్వాత తినే కోడలు కాబట్టి ఆమెది మిగిలిన దాంట్లోనూ మిగిలింది. ‘మిగిలింది’ అనే పదార్థాన్ని ఏ గడిలో రాయాలో తెలియక ఇద్దరి వరసా ఖాళీగా వదిలేశాను. మర్నాడు సారు అందరి పుస్తకాల మీదా టిక్కు పెట్టినట్టే నా పుస్తకం మీదా పెట్టాడు. ఆ ఖాళీ ఆయన కంట పడిందో లేదో తెలియదు. సాహిత్యంలో పరిశోధన చేసి, స్త్రీల రచనల్లో చెప్పని మాటల కోసం వెతకడం నేర్చుకున్నాక గానీ ఆ రెండు ఖాళీ వరసలు ఎంత పెద్ద సమాచారమో నాకు అర్థం కాలేదు.

సమతులాహారం అనే మాట మనకు బడి గోడమీద పటంలాగానే పరిచయం. యాపిల్, చేప, పాలగ్లాసు, తెల్లటి అన్నం గిన్నె. మా తరగతి పటంలో జొన్నరొట్టె లేదు, సీతాఫలం లేదు, గుడాలు లేవు. ఇక దళితవాడలో తినే పెద్దకూర ఏ పటంలోనూ ఉండే ప్రసక్తే లేదు. ఆ పటం ఎక్కడినుంచో ఊడిపడిందనుకునేదాన్ని. తీరా చూస్తే దాని చరిత్రలో పెద్ద భాగం మన హైదరాబాదులోనే ఉంది. తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ అసలు పుట్టింది నీలగిరుల్లోని కూనూరులో, 1918లో. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు పెట్టుకున్న చిన్న ప్రయోగశాల అది. బెరిబెరి మరపట్టిన తెల్లబియ్యం మీదే బతికేవాళ్లకు వచ్చే జబ్బు. అంటే మన దేశంలో పోషకాహార శాస్త్రం తెల్లబియ్యం చేసిన చేటును వెతుక్కుంటూ మొదలయిందన్నమాట. 1937లో అక్కడి డైరెక్టరు వాలెస్ ఐక్రాయిడ్ భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికను ప్రచురించాడు. అందులో ఏ పదార్థంలో ఏముందో చెప్పడంతో పాటు, తృప్తికరమైన భోజనాన్ని ఎలా కూర్చుకోవాలో కూడా చెప్పాడు. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు వచ్చింది. 1969లో దానికి ఇప్పటి పేరు పెట్టారు. తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు, అంగన్‌వాడీ గోడరాతలు, గర్భిణులకు చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఈ లెక్కల పిల్లలే.

ఈ లెక్కల్లో నన్ను పట్టుకుని వదలనిది ఒకటుంది. ఒక కుటుంబం తిండిని కొలవడానికి శాస్త్రవేత్తలు వాడిన కొలమానం పేరు ‘వినియోగ ప్రమాణం’. కూర్చుని పనిచేసే మగమనిషి 1. కూర్చుని పనిచేసే ఆడమనిషి 0.8. మధ్యరకం శ్రమ చేసే మగమనిషి 1.2, ఆడమనిషి 0.9. బరువు పని చేసే మగమనిషి 1.6, ఆడమనిషి 1.2. పిల్లలకు వయసును బట్టి ఇంకా తక్కువ. ఇంట్లో వండే ముందు బియ్యం, జొన్నలు, పప్పు, నూనె తూకం వేస్తారు. ఇంట్లో తినేవాళ్ల ప్రమాణాలన్నీ కూడి దానితో భాగిస్తారు. ఒక్కో ప్రమాణానికి ఎంత తిండి దక్కిందో తేలుతుంది.

ఇందులో శరీరాల తేడాను లెక్కలోకి తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. బరువు తక్కువున్న శరీరానికి కెలోరీలు తక్కువ అవసరం కావచ్చు. పైగా ఈ పట్టిక నిజాయితీగానే ఒక మాట చెబుతోంది. బరువు పని చేసే ఆడమనిషికి కూర్చున్న మగమనిషి కన్నా ఎక్కువ తిండి కావాలని. కానీ తెల్లారుజామున లేచి ఇసుర్రాయి తిప్పి, రెండు మైళ్లు నడిచి నీళ్లు మోసి, పొద్దంతా కలుపు తీసి, మళ్లీ రాత్రి పొయ్యి ముందు కూర్చునే మా నాయనమ్మను ఏ వరసలో రాసేవాళ్లు? ఇంటి చాకిరీని పనిగా లెక్కించని సమాజంలో ఆమె 0.8 దగ్గరే ఆగిపోయే ప్రమాదముంది. రెండోది ఇంకా పెద్ద సమస్య. కుండలో ఉన్నది తూచి భాగిస్తే, ప్రతివాళ్లకూ వాళ్ల అవసరాన్ని బట్టి అందిందని ముందే ఒప్పుకున్నట్టు. కుండకూ కంచానికీ మధ్య ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు ‘నాకు చాలు’ అనాలో నిర్ణయించే ఆచారముంది. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం సర్వేల్లో ఇంటి తూకంతో పాటు, నిన్న నువ్వేం తిన్నావు అని మనిషి మనిషినీ అడిగే పద్ధతి కూడా వాడారు. అది మంచి అడుగు. కానీ ‘మిగిలింది’ అని బదులిచ్చే స్త్రీ ముందు గిన్నెలతో కొలిచే సర్వేయరు కూడా మా సారు లాగే కాసేపు ఆగాల్సిందే.

జొన్నకు ఈ చరిత్రలో ఒక నింద ఉంది. అదీ తెలంగాణ నిందే. హైదరాబాదు ఆస్పత్రులకు వచ్చే పేదల్లో పెల్లగ్రా కనిపించేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు కట్టడం, విరేచనాలు, ముదిరితే మతి చెదరడం దాని లక్షణాలు. అమెరికాలోనూ యూరప్‌లోనూ ఇది మక్కజొన్న మీద బతికే పేదల జబ్బు. నయాసిన్ అనే విటమిన్ లోపంతో వస్తుంది. మక్కలు ప్రధానాహారం కాని తెలంగాణలో ఎందుకొచ్చింది? 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠియా లాన్సెట్ పత్రికలో ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో ల్యూసిన్ అనే ఆమ్లం ఎక్కువని, అది శరీరం నయాసిన్‌ను తయారుచేసుకుని వాడుకునే తీరును దెబ్బతీస్తుందని. దానిమీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా వాదన నడిచింది. నాకు ఆ వాదన తీర్చే అర్హత లేదు. అయితే ఒక విషయంలో వివాదం లేదు. ఈ జబ్బు జొన్న తిన్న ప్రతివాళ్లకూ రాలేదు. జొన్న తప్ప ఇంకేమీ దక్కనివాళ్లకు వచ్చింది. పప్పు, పాలు, మాంసం ఏ కాస్తయినా కంచంలోకి వచ్చినవాళ్లు బయటపడ్డారు. నేరం జొన్నది కాదు, ఒంటరి జొన్నది. దాన్ని ఒంటరిని చేసింది పేదరికం.

గోపాలన్‌ను ఇంకో కారణానికి కూడా తలుచుకోవాలి. 1960ల్లో ప్రపంచమంతా పేదదేశాలకు ప్రొటీను కొరత ఉందని, పొడులూ బిస్కట్లూ పంచాలని అంటుంటే, మన పిల్లలు రోజూ తినే తిండినే కడుపునిండా తినగలిగితే ప్రొటీను చాలావరకు సరిపోతుందని, అసలు కొరత తిండిదేనని ఆయన వాదించాడు. సమతులాహారం చర్చలో ఇది మరిచిపోకూడని మాట. ముందు నిండాలి, తర్వాత తూగాలి. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఆ మొదటిదే జరగలేదు.

జొన్నను చిన్నచూపు చూడటం శాస్త్రంతో మొదలవలేదు. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటుపద్యమొకటి పలనాడులో ఎటు చూసినా జొన్నే తప్ప సన్నటి వరి అన్నం దొరకదని ఎగతాళి చేస్తుంది. రాజాస్థానాల భోజనం రుచి మరిగిన మగకవి ఫిర్యాదు అది. ఆ జొన్నను దంచిన చేతులు, అంబలి కాచిన చేతులు ఆ పద్యంలో లేవు. తెలుగు సాహిత్యంలో వరి అన్నం సంస్కృతి అయింది, జొన్నకూడు హాస్యమయింది. మన పలకరింపు కూడా ‘అన్నం తిన్నారా’ అనే. చట్టం భాషలోనూ అంతే. 2013 ఆహార భద్రతా చట్టంలో జొన్న, సజ్జ, రాగి ‘ముతక ధాన్యాలు’. 2018 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం గెజిట్ ద్వారా వీటికి ‘పోషక ధాన్యాలు’ అని పేరు మార్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమంది. ముతక పోషకమయింది, మంచిదే. 2017 నాటి జాతీయ పట్టిక ప్రకారం వంద గ్రాముల జొన్నలో ప్రొటీను దాదాపు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో దాదాపు 8. ఇనుము జొన్నలో నాలుగు మిల్లీగ్రాములకు దగ్గర, బియ్యంలో ఒకటి కూడా లేదు.

ఈ గెజిట్టుకు చాలా ముందే జొన్నకు తోడును తిరిగి తెచ్చినవాళ్లు మా పొరుగునే ఉన్నారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాని సంఘాల్లో ఉన్నవాళ్లు ఎక్కువమంది దళిత స్త్రీలు. చిన్న చెక్కల్లో, ఎర్రనేలల్లో, వానమీదే ఆధారపడి ఒకే చేనులో జొన్న, కంది, పెసర, అనుము, కొర్ర, నువ్వు లాంటివి కలిపి వేస్తారు. దీన్ని ఆహార వర్గాల భాషలోకి మార్చి చూడండి. జొన్న, కొర్ర శక్తినిచ్చేవి. కంది, పెసర శరీరాన్ని నిర్మించేవి. నువ్వు కొవ్వునిచ్చేది. చేను మధ్య మొలిచే ఆకుకూర రక్షణనిచ్చేది. ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్‌ను పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్‌ను ధాన్యం పూరిస్తుంది. బడి పటం గోడమీద ఉంటే ఈ పటం నేలమీద ఉంది. 1990ల నడుమ ఈ సంఘాలు బీళ్లను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత ఊరి గాదెలో వేయించి, అందరికన్నా పేదలెవరో ఊరివాళ్లే గుర్తించి తక్కువ ధరకు ఇచ్చాయి. రేషన్ అంటే బియ్యమే అనుకునే కాలంలో జొన్న రేషన్ అది. 2019లో ఈ సంఘాల స్త్రీలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఆ ఆకుకూర గురించి కొంచెం ఆగి చెప్పాలి. మాకు మూడెకరాల చేనుండేది. కలుపుకు వచ్చే దళిత స్త్రీలు తీసిన కలుపంతా గట్టుమీద పారేసేవాళ్లు కాదు. చెంచలికూర, తుమ్మికూర, దొగ్గలికూర, పాయలకూర ఏరి కొంగులో కట్టుకునేవాళ్లు. “గవి కూడ తింటరా” అని చిన్నప్పుడు నేను నవ్వాను. ఆ నవ్వు నాది మాత్రమే కాదు, నాకు నేర్పిన కులానిది. ఆ రోజుల్లోనే దేశమంతా పిల్లలకు రేచీకటి రాకుండా ఆరునెలలకోసారి విటమిన్ ‘ఎ’ మందు పోస్తున్నారు. 1970లో మొదలైన ఆ కార్యక్రమం వెనక పరిశోధన కూడా హైదరాబాదు సంస్థదే. ఆ మందు పిల్లల కళ్లు కాపాడింది, కాదనను. కానీ విటమిన్ ‘ఎ’కు మూలమైన కెరోటిన్ ఆకుకూరల్లో ఉందని బడిలో చదువుకుంటూనే, దాన్ని కలుపు అని పిలిచాం. 2009లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆదివాసుల, స్థానిక ప్రజల ఆహార వ్యవస్థల మీద వేసిన పుస్తకంలో జహీరాబాద్ ప్రాంతపు దళితుల ఆహారం మీద ఒక అధ్యాయమే ఉంది. బి. సలోమియేసుదాస్, పి.వి. సతీశ్ రాశారు. విత్తని పంటల వివరాలు అందులో ఉన్నాయి. కలుపుమందు కొట్టిన చేనులో ఆ కూర మొలవదు, మొలిచినా తినలేం. పత్తి, సోయా పెరిగిన మా వైపు చేలల్లో ఇప్పుడు కొంగులో కట్టుకోవడానికి ఏమీ ఉండటం లేదు.

ఇంతవరకూ వచ్చాక, ‘కాబట్టి పాతకాలం తిండే మేలు’ అని ముగించడం తేలిక. నేను అలా ముగించలేను. కారణం మా అమ్మ.

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. బియ్యం మా వైపు జొన్నను కంచంలోంచి నెట్టింది, చేనులోంచీ నెట్టింది అని పర్యావరణ వ్యాసాల్లో చదివి, ఒకసారి అమ్మతో అదే అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “బియ్యమొచ్చినంకనే నా జబ్బలు నిమ్మలమైనయ్. నువ్వు రొట్టె తిన్నవ్ గానీ రొట్టె కొట్టినవా? పదిమందికి రెండు పూటల కొట్టినవా? ఆ పొగల నా కండ్లు పోయినయ్. కుక్కర్ల బియ్యమేస్తే మూడు కూతలు, అయిపాయె.”

నా పరిశోధనా పత్రాల్లో ఎక్కడా లేని మాట అది. జొన్నరొట్టె బియ్యంలాగా తనంతట తాను ఉడకదు. జొన్నలు ఏరాలి, చెరగాలి, పట్టించాలి. వేడినీళ్లతో పిండి పిసకాలి, ఒక్కొక్కటీ చేత్తో కొట్టాలి, పెంక దగ్గర నిలబడి కాల్చాలి. తినేవాళ్లకు వేడిగా ఉంటేనే రుచి. కాబట్టి చేసే మనిషి వాళ్లతో కలిసి తినే వీలే లేదు. అంటే రొట్టె అనే పదార్థంలోనే ‘ఆమె చివర తింటుంది’ అనే వాక్యం దాగి ఉంది. బియ్యం మా అమ్మకు విశ్రాంతి ఇచ్చింది, ఆకలి తీర్చింది. జొన్న ఒక్కదానిమీదే బతికే అగత్యం తగ్గాక పెల్లగ్రా కూడా తగ్గుతూ వచ్చింది. పోషకాలను మాత్రమే తూచేవాళ్లకు ఈ విశ్రాంతి బరువు తెలియదు. పొగ పీల్చిన కళ్లు, అరిగిన మోచేతులు ఏ ఆహార పట్టికలోనూ కెలోరీలుగా మారవు. సమతులం గురించి మాట్లాడేటప్పుడు ఆ తక్కెడలో శ్రమను కూడా వేయాలి. చిరుధాన్యాల పండగలు చేసే నగరాల్లో రొట్టెలు ఎవరు కొడుతున్నారో అడగకుండా జొన్నను పొగిడితే, ఆ పొగడ్త మళ్లీ ఒక స్త్రీ జబ్బల మీదే పడుతుంది.

అలాగని బియ్యంతో కథ సుఖాంతం కాలేదు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు రెండువేల కెలోరీల కంచంలో ధాన్యం 250 గ్రాములు, పప్పుగానీ గుడ్డుగానీ మాంసంగానీ 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఇప్పుడు రేషన్ చూడండి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. శ్రీనాథుడు ఎగతాళిగా కోరిన సన్నన్నం చివరికి పేదల ఇంటికీ వచ్చింది. దాన్ని నేను తక్కువ చేయను. ఆరు కిలోలంటే రోజుకు 200 గ్రాములు. కంచంలో మొదటి గడి దాదాపు నిండింది. తక్కిన ఆరు గళ్లూ బజారులో కొనుక్కోవాలి. కొనలేనప్పుడు ఎవరి కంచంలోంచి ముందు తగ్గుతాయో మనకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతకు కారణాలు అనేకం. అన్నీ తిండివి కావు. అయినా సగానికి పైగా స్త్రీల రక్తంలో కనిపించే ఈ లోటులో ఆ ‘మిగిలింది’ భాగమెంతో అడగకుండా ఉండలేను.

కుండకూ కంచానికీ మధ్య ఉన్న ఇంటిని గుర్తించిన ప్రభుత్వ పథకం నాకు తెలిసి ఒకటుంది. 2015 జనవరిలో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీకి వచ్చి అక్కడే కూర్చుని ఒక పూట భోజనం చేయాలి. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇంటికి పట్టుకుపోతే ఆ గుడ్డు కొడుకు కంచంలోకో మామ కంచంలోకో పోతుందని ఎవరో గ్రహించారు. ఇంత స్పష్టంగా ఇంటిని అనుమానించిన పథకం ఇంకొకటి లేదేమో. ఇందులో నన్ను బాధించేది ఒక్కటే. స్త్రీ కడుపులో ఇంకొకరున్నప్పుడు, ఆమె పాలు ఇంకొకరు తాగుతున్నప్పుడు మాత్రమే ఆమె కంచం లెక్కకొస్తుంది. బాలింతతనం అయిపోగానే ఆమె మళ్లీ కుండలోకి కలిసిపోతుంది. ఇక మా నాయనమ్మ వయసు ఆడవాళ్లు ఆ గుమ్మం దాకా కూడా రాలేరు.

పోయిన సంక్రాంతికి ఊరికెళ్లాను. అమ్మకూ బాపుకూ ఇద్దరికీ షుగరుంది. డాక్టరు అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడట. జబ్బలు నిమ్మళమైన ఇన్నేళ్లకు అమ్మ మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. బాపుకు వేడివేడిగా రెండు వేసింది. తనవి గంపలో పెట్టి మూత వేసింది.

“నువ్వెప్పుడు తింటవమ్మా?”

“తింట తియ్, ఏం తొందర.”

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. పిండి ముద్ద తీసుకున్నాను. నా రొట్టె అంచులు పగిలాయి, గుండ్రం రాలేదు. కాలిన దాన్ని తీసి ఆమె కంచంలో వేసి, పెసరపప్పు పోసి ముందుకు జరిపాను. “నాయన ఇంకోటి అడుగుతడేమో” అంది. “అడిగితే నేనేస్త. నువ్వు తిను,” అన్నాను. అమ్మ కాసేపు ఆ పొగలొచ్చే రొట్టెను చూసి, ఒక ముక్క తుంచుకుంది. అంచు గట్టిగా ఉందని వంక పెట్టింది. మొత్తం తిన్నది.